నలభయ్యో నంబరు పళ్ళు

జపానాయన పారిపోయాడని మునీంద్రకు చెప్పింది మస్తాన్ బీ. ఆమెకు చెప్పింది జైతున్‌బీ. జైతున్‌బీకి ఎవరు చెప్పారో ఆమెకే గుర్తు లేదు గానీ, చెప్పిన మనిషి మాత్రం కళ్ళారా చూశాడట. పొద్దున ఆరింటికి తెల్లకారు, పక్క సీటులో పెద్ద తోలుపెట్టె, పెట్టెలో పదకొండుమంది పనివాళ్ళ పాస్‌పోర్టులు. కారు సౌదీ దోవన దుమ్ము లేపుకుంటూ పోయిందట. మస్తాన్ బీ ఈ సంగతి వంటింట్లో చెప్పినప్పుడు కారు తెల్లగానే ఉంది. మెట్ల దగ్గర ఇంకొకరికి చెప్పేసరికి ఎర్రదయింది. పెట్టె మాత్రం మారలేదు.

"నీదీ దాంట్లోనే పోయింది పో," అంది మునీంద్రతో, ఎర్రగడ్డ తరుగుతూ. "నేను ముందే చెప్పినా. ఆ సార్ నవ్వడు, నవ్వని మనిషిని నమ్మగూడదని."

"నువ్వెప్పుడు చెప్పినావక్కా?"

"మనసులో అనుకున్యా. చెప్పినట్టే గదా."

ఫహాహీల్‌లో సంతకు వెనక వాళ్ళుండే మూడంతస్తుల ఇంట్లో నాలుగు గదులకు ఒకటే వంటిల్లు. మస్తాన్ బీది రాయచోటి. జాబ్రియాలో ఒక ఇంట్లో ఆరేళ్ళుగా పనిచేస్తోంది. ఆమె మామా అని పిలిచే ఆ ఇంటి యజమానురాలూ, పిల్లలూ ఎండాకాలం గడపడానికి లండన్ పోయి ఉన్నారు. ఇరాక్ సైన్యం వచ్చిపడ్డాక మస్తాన్ బీ రెండు రోజులు ఒక్కతే ఆ ఇంట్లో ఉండి, మూడోనాడు గ్యాసు కట్టేసి, మొక్కలకు నీళ్ళు పోసి, తాళం వేసి, తాళంచెవి మెళ్ళో తాడుకు కట్టుకొని ఫహాహీల్‌లో ఉన్న తమ్ముడి గదికి వచ్చేసింది. తమ్ముడు జోర్డాన్ దోవన ముందుగానే పోయాడు. ఆమె మాత్రం చెవిని మామా చేతిలో పెట్టకుండా ఎట్లా పోయేదని ఇన్నాళ్ళు ఆగి, నిన్ననే మనసు మార్చుకొని జోర్డాన్ పోయే బస్సు లిస్టులో పేరు రాయించింది.

ఆ లిస్టు రాసే పెద్దమనిషి కుక్కుటేశ్వరరావు. పిఠాపురం వైపు మనిషి, ఒక కంపెనీలో గుమాస్తా. స్కూలు వరండాలో బల్ల వేసుకొని, మధ్యలో కార్బన్ పెట్టి మూడు కాపీలు రాస్తుంటాడు. మునీంద్ర పోయి అడిగితే ఆయన కళ్ళజోడు పైనుంచి చూసి, "పాస్‌పోర్టు చేతిలో ఉన్నవాళ్ళు గురువారం బస్సుకండి. లేనివాళ్ళకి కాగితాలు రావాలి. అవి ఎప్పుడొస్తాయంటే నేనేం చెప్పగలనండి, దేవుడు చెప్పాలి," అన్నాడు.

ఆరోజు సోమవారం. సైన్యం వచ్చి ఇరవై ఆరు రోజులు.

మునీంద్రకు కోపం వచ్చింది పాస్‌పోర్టు పోయినందుకే కాదు. అసలీపాటికి అతను రాజంపేట దగ్గర తన ఊళ్ళో ఉండాల్సిన మనిషి. జూలై పదో తేదీకి సెలవు ఖాయమయింది. ఇంట్లో పద్నాలుగు నెలల కూతురుంది. దాన్ని ఫోటోలో తప్ప చూడలేదు. గోడ పట్టుకొని నడుస్తోందని భార్య వెంకటేశ్వరి ఉత్తరం రాసింది. అన్నీ కట్టుకున్నాక, అతను పనిచేసే పళ్ళ ల్యాబు యజమాని, ఆ జపానాయన ఇసోబె సార్ పిలిచి, "నలభై అయ్యాక వెళ్ళు," అన్నాడు.

ఇసోబె ల్యాబులో నోళ్ళకు పేర్లుండవు, నంబర్లే ఉంటాయి. పళ్ళడాక్టర్లు ఎవరి నోటి అచ్చు పంపినా దాన్ని ప్లాస్టరుతో పోసి, అడుగున గోటంత అంకె గీకుతారు. నలభయ్యో నంబరుకు పైనా కిందా ఒక్క పన్ను లేదు. పైదవడ ఎడమవైపు చింతగింజంత బొడిపె, అంగిట్లో వంకర గాడి. ఆ నోటికి మునీంద్ర మొదటిసారి కట్టుడు పళ్ళు చేసి చూపిస్తే ఇసోబె వాటిని వెలుతురుకు పట్టి చూసి, "మళ్ళీ," అన్నాడు. ఇన్నేళ్ళలో తెలుగు పనివాళ్ళ దగ్గర ఆయన నేర్చుకున్న తెలుగు మాట అదొక్కటే. రెండోసారి, "మళ్ళీ." మూడోసారి అందరి ముందరా బల్ల అంచుకు పెట్టి పుటుక్కున విరిచాడు. నాలుగోసారి విరవలేదు, పక్కకు నెట్టాడు. అయిదోది ఆగస్టు ఒకటిన, బుధవారం సాయంత్రానికి తయారైంది. మెరుగు పెట్టి పొద్దున చూపిద్దామని అరలో పెట్టి వచ్చాడు. పొద్దున లేచేసరికి వీధిలో ట్యాంకులున్నాయి.

"ఎవని నోరో ఏమో గానీ నా బిడ్డను నాకు చూడనీకుండా చేసింది," అనుకున్నాడు మునీంద్ర. అనుకోవడమే కాదు, మస్తాన్ బీతో పైకే అన్నాడు.

"పోయి చూసిరా నాయనా," అంది ఆమె. "ఆయన పోయినా పెట్టె మర్సిపోయినాడేమో."

మంగళవారం పొద్దున తొమ్మిదింటికి పోయాడు. రొట్టెల అంగడి ముందు బారెడు వరస ఉంది. ల్యాబు రెండో అంతస్తులో. కింద గోడకు పన్ను బొమ్మ వేసిన బోర్డు ఉండేది. ఇప్పుడు దాని చోట రెండు మేకులున్నాయి. పై తలుపు గడియ ఊడి వేలాడుతోంది.

లోపల ఏమీ మిగల్లేదు. బంగారం పోతపోసే యంత్రం లేదు, పింగాణీ పొయ్యి లేదు, ఏసీ పీకిన కంతలోంచి ఆకాశం కనిపిస్తోంది. గోడల పొడుగునా ఉన్న ప్లాస్టరు దవడలను మాత్రం ఎవరూ ముట్టలేదు. ఏదో వెతకడానికి ఒక అర లాగి పారబోసినట్టున్నారు. నేలంతా తెల్లటి పొడి, మధ్యమధ్య పళ్ళు. ఎవరి పళ్ళో తొక్కుతానేమోనని మునీంద్ర అలవాటుకొద్దీ మునివేళ్ళ మీద నడిచాడు.

చివర ప్లాస్టరు బస్తాల గది. దాని గుమ్మం ముందు నల్లబూట్లు ఒక జత ఉంది. పొడి తుడిచి, మడమలు ఆనించి, ముక్కులు బయటికి పెట్టి, కొలిచి సర్దినట్టుగా ఉన్నాయి. కొల్లగొట్టిన చోట ఆ రెండు బూట్లు అంత శుభ్రంగా ఉంటే మునీంద్ర ఒక అడుగు వెనక్కి వేశాడు. మళ్ళీ అంతలోనే, ఆలోచించకుండానే, తన చెప్పులు కూడా వాటి పక్కన విడిచి లోపలికి పోయాడు.

బస్తాల వెనక ఇసోబె కూచొని ఉన్నాడు. చేతిలో చాకు, ఒళ్ళో మైనం ముద్ద. దవడ పన్ను ఒకటి చెక్కుతున్నాడు. రోజూ పని మొదలుపెట్టే ముందు చెయ్యి కుదురుకోవడానికి ఒక పన్ను చెక్కడం ఆయన అలవాటు. అది ఈరోజూ మానలేదు.

"తలుపు," అన్నాడు తల ఎత్తకుండా.

మునీంద్ర తలుపు మూశాడు. "సార్, బూట్లు బయట విడిచి లోపల దాక్కుంటారా ఎవురన్నా?"

ఇసోబె తలుపు వైపు చూశాడు, చెక్కుతున్న పన్ను వైపు చూశాడు. "గదిలోకి బూట్లతోనా?" అన్నాడు.

ఆయన మాట్లాడేది సగం హిందీ, పావు అరబ్బీ, మిగిలింది ఇంగ్లీషు. ఆ భాష ఎవరి ఊళ్ళోనూ లేదు గానీ ల్యాబులో అందరికీ అర్థమవుతుంది. ఇవాళ మాత్రం మాట మధ్యలో గాలి పోతోంది.

"మీరు తెల్లకారులో సౌదీకి పోయినారంటాండారు సార్."

"నాకు కారు లేదు."

నిజమే. అయిదేళ్ళుగా ఆయన బస్సు దిగి నడిచి రావడం చూస్తున్నవాడే మునీంద్ర. అయినా నిన్నటినుంచి కళ్ళముందు కారే తిరుగుతోంది.

"మా పాస్‌పోర్టులు?"

ఇసోబె చాకుతో పై అర చూపించాడు. మామూలు దవడల వెనక ఇటుకలంత ప్లాస్టరు ముద్దలు పదకొండు. "సైనికుడు బంగారం చూస్తాడు. ప్లాస్టరు చూడడు." మొదటిరోజు ట్యాంకుల చప్పుడు విని ఆయన చేసిన పని అది. ఒక్కో పాస్‌పోర్టును మైనం రేకులో చుట్టి, ప్లాస్టరు కలిపి, మూసలో పోసి, అడుగున అంకె గీకాడు. ఏడు మునీంద్రది.

సన్నరంపంతో చుట్టూ గాడి కోసి, ఉలి ఆనించి, సుత్తితో రెండుసార్లు తడితే ముద్ద రెండుగా విడిపోయింది. లోపల పాస్‌పోర్టు పొడిపొడిగా ఉంది. మీసాలు అప్పుడప్పుడే వస్తున్న తన ఫోటో చూసుకొని మునీంద్ర గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. గురువారం బస్సు దొరికినట్టే.

"తక్కినవి కూడా," అన్నాడు ఇసోబె.

ఒకరు కోస్తుంటే ఒకరు పగలగొట్టారు. ఇద్దరూ ఎప్పటిలా మాట్లాడుకోకుండా పనిచేశారు. మధ్యలో మునీంద్రే అడిగాడు, మీవాళ్ళంతా యాడున్నారు సార్ అని.

"ఎంబసీలో ఉన్నారు. తర్వాత సైన్యం బాగ్దాద్ తీసుకెళ్ళింది. హోటల్ అన్నారు. తిరిగి రాలేదు. నేను ఎంబసీకి వెళ్ళలేదు. అరలో పని ఉంది."

సముద్రంలో నూనె తీసే జపాను కంపెనీ వాళ్ళతో, వాళ్ళ పళ్ళడాక్టరుకు చేతికింద మనిషిగా వచ్చాడు ఇసోబె. డాక్టరు మూడేళ్ళకు వెళ్ళిపోతే ఇతను ఒక బల్లా, ఒక గ్యాసు పొయ్యీ పెట్టుకొని ఇక్కడే ఆగాడు. అహ్మదీ నుంచి జాబ్రియా దాకా ఏ షేకు నవ్వినా అందులో రెండు పళ్ళు ఇసోబెవి అయ్యేదాకా వచ్చింది.

"ఊళ్ళో ఎవురున్నారు సార్ మీకు?"

"అక్క. పళ్ళు లేవు."

పదకొండోది విడిపోయాక ఆయన గ్లాసులో టీ పోసుకొని, ఎండు ఖుబ్బూస్ రొట్టె తుంచి నానేశాడు. అటు తిరిగి, నోట్లోకి వేళ్ళు పెట్టి, పళ్ళు బయటికి తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. పళ్ళు పొదిగిన పై పళ్ళెం నడిమికి పగిలి రెండు ముక్కలయి ఉంది. "రొట్టె విరిచింది," అన్నాడు. పళ్ళు తీసేసరికి బుగ్గలు లోపలికి పోయి, గడ్డం ముక్కుకు తగిలేంత పైకొచ్చి, ఇసోబె సార్ ఎవరో ముసలాయన అయిపోయాడు. అయిదేళ్ళు ఎదురుగా కూచొని పనిచేసినా ఆయనవి కట్టుడు పళ్ళని మునీంద్ర కనిపెట్టలేకపోయాడు.

రొట్టె పెట్టుకోవడానికి ఆయన నోరు తెరిచాడు. మునీంద్ర చూశాడు. మనుషుల ముఖాలు మర్చిపోవచ్చు గానీ, పనివాడు తను వేళ్ళతో తడిమిన దవడను మర్చిపోడు. పైన, ఎడమవైపు, చింతగింజంత బొడిపె. అంగిట్లో వంకర గాడి.

"నలభై మీరా?"

ఇసోబె గ్లాసు కింద పెట్టాడు. "నలభై నేను."

మునీంద్ర చేతిలో సుత్తి అలాగే ఉంది. "నా బిడ్డను నేనింకా చూల్లేదు సార్. నా సెలవు ఆపింది మీ నోటికోసరమా? అయిదుసార్లు చేయించుకుంటిరే. అందరి ముందర విరగ్గొడితిరే. మీదని ఒక్క మాట చెప్పుంటే పోయేదేముండాది?"

పళ్ళు లేని నోటితో ఇసోబె మెల్లగా, మాట మాట విడదీసి చెప్పాడు. "నా పళ్ళు నేను చేస్తే తప్పు కనపడదు. నావని చెబితే నువ్వు భయంతో చేస్తావు. నంబరుకు చేసినట్టు చెయ్యవు." గ్లాసు పక్కకు జరిపాడు. "సెలవు ఆపడం తప్పు. నాది."

ఆ మాట అని, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకొని నడుం దాకా వంగాడు. వంగినవాడు లేవలేదు. ఎదుటిమనిషి అట్లా వంగితే ఏం చెయ్యాలో మునీంద్రకు తెలియలేదు. తెల్లజుట్టులో తెల్లపొడి చూస్తూ నిలబడ్డాడు. ఊళ్ళో అయితే రెండు తిట్లు తిట్టి బీడీ ఇచ్చుకునేవాళ్ళు.

ఇసోబె లేచి తక్కిన పది పాస్‌పోర్టులూ గుడ్డలో చుట్టి ఇచ్చాడు. "అందరికీ ఇవ్వు. ఇంటికి వెళ్ళు."

"మీరు?"

"ప్లాస్టరు ఉంది. మైనం ఉంది," అన్నాడు. చాకు తీసుకొని, ఆపిన పన్ను దగ్గరే మళ్ళీ మొదలుపెట్టాడు.

మూటతో మునీంద్ర గుమ్మం దాటాడు. దాటి, కాలు చెప్పులో పెట్టబోయి ఆగిపోయాడు. వచ్చినప్పుడు తను చెప్పులు లోపలి వైపు తిప్పి, ఒకటి అటూ ఒకటి ఇటూ విడిచి పోయాడు. ఇప్పుడవి బూట్ల పక్కన, ముక్కులు బయటికి తిరిగి, కాలు పెడితే చాలన్నట్టు ఉన్నాయి. తను రంపంతో కోస్తున్నప్పుడు ఇసోబె ఒకసారి లేచి తలుపు దాకా వచ్చాడు. అందుకన్నమాట.

మెట్ల మీద కూలబడ్డాడు. తెల్లవాళ్ళనూ జపానువాళ్ళనూ దాచినవాళ్ళను ఉరితీస్తారని వాడంతా చెప్పుకుంటున్నారు. అది కూడా జైతున్‌బీ చెప్పిందో లేక నిజమో. ఊరికే మూట విప్పి ఒక్కొక్కటీ తెరిచి చూశాడు. అయిదోది తమాంగ్‌ది. డార్జిలింగ్ నుంచి వచ్చి ల్యాబు ఊడ్చే ముసలాయన. సైన్యం వచ్చిన రెండోనాడే ఎవరో ఎరిగినవాళ్ళ లారీ ఎక్కి, పాస్‌పోర్టు కూడా లేకుండా ఎడారి దాటి సౌదీ చేరిపోయాడు. ఆయనకు ఒక్క పన్నూ ఉండేది కాదు. ఇసోబె ఊరికే చేసిస్తానన్నా, పళ్ళుంటే ఖైనీ పొగాకు ఎక్కడ పెట్టుకునేదని వద్దన్నాడు. ఫోటోలో బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి. చిన్నకళ్ళు. గడ్డం ముక్కుకు తగిలేంత పైకి.

ఈ ముఖాన్ని అరగంట కింద చూశాడు తను.

మునీంద్ర లేచి మెట్లెక్కాడు. పోతూ పోతూ తన అర లాగి, అయిదో జత పళ్ళు తీసి జేబులో వేసుకున్నాడు.

మస్తాన్ బీకి తెలియకుండా ఒక మనిషిని వంటింటి పక్క గదిలో ఉంచడం ఆ దేవుడి వల్ల కూడా కాదని మునీంద్రకు తెలుసు. అందుకని తనే చెప్పాడు. ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకొని, బస్తా మీద కూచున్న ఇసోబెను ఎగాదిగా చూసింది.

"ఈయన సౌదీకి పోలేదా?"

"కారే లేదంటక్కా."

"కారు సంగతి నాకేం తెల్సు, నేను పెట్టె సంగతి చెప్పినా," అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఎవురికీ చెప్పను లే. నేను చెప్పేటివన్నీ అబద్ధాలేనని అందురికీ తెల్సు. నిజం యాడ చెప్తా?" అంది.

బుధవారం పొద్దంతా ఆమే ఆయనకు ఒజ్జయింది. లుంగీ ఎగ్గట్టడం చూపింది. తలకు పాత తువ్వాలు చుట్టింది. గోళ్ళలో ప్లాస్టరు బదులు మసి రుద్దింది. చెవుడు, మాట రాదు, పిలిస్తే పలకగూడదు. అన్నీ ఇసోబె ఒక్కసారి చెబితే పట్టేశాడు. ఒక్కటే పట్టుబడలేదు. టీ ఇస్తే వంగేవాడు. రొట్టె ఇస్తే వంగేవాడు. వంగొద్దని చెబితే, సరేనని వంగేవాడు.

"ఓ తమాంగ్ తాతా!" అని నెత్తి కొట్టుకుంది మస్తాన్ బీ. "నీ నడుమే మమ్మల్ని ఉరి తీపిచ్చేటట్టుండాది!"

మునీంద్ర తక్కిన పాస్‌పోర్టులు ఎవరివి వాళ్ళకు అందించి, బస్సు లిస్టులో తన పేరూ తమాంగ్ పేరూ రాయించి వచ్చి, ఒక మూల కూచొని నలభయ్యో నంబరుకు మెరుగు పెట్టాడు. యంత్రం లేదు. ముందు సన్నటి గరుకు కాగితం, తర్వాత తడిగుడ్డకు సున్నపుపొడి, ఆఖరున ఒట్టి బొటనవేలు. చూపిద్దామని రెండుసార్లు అటు తిరిగాడు. ఇసోబె చూడలేదు. "ఇప్పుడు తమాంగ్. తమాంగ్‌కు పళ్ళు లేవు," అన్నాడు. మునీంద్ర వాటిని తడిగుడ్డలో చుట్టి, పాలపొడి డబ్బాలో నీళ్ళు పోసి పెట్టాడు. ఎండబెడితే పళ్ళెం వంకరపోతుంది.

గురువారం తెల్లారి స్కూలు దగ్గర కుక్కుటేశ్వరరావు ఒక్కొక్కరినీ పిలిచి ఎక్కిస్తున్నాడు.

"తమాంగ్ గారండీ? నేపాలీవారా?"

"డార్జిలింగ్ సార్. మన దేశమే. చెవుడు."

"అయ్యో. పనెక్కడండీ?"

"మా పళ్ళ ల్యాబులో."

"పళ్ళ ల్యాబులో చేసి నోట్లో పళ్ళు లేవా!" ఆయన నవ్వుతూ టిక్కు పెట్టాడు. "మా ఊళ్ళో మిఠాయికొట్టు సూరిబాబు తీపి ముట్టడులెండి, అలాగన్నమాట. ఎక్కించండి, ఎక్కించండి."

రెండు పగళ్ళూ రెండు రాత్రుళ్ళూ ప్రయాణం. బస్రా, బాగ్దాద్, ఆ తర్వాత చెట్టూ పుట్టా లేని రాతినేల. ఆపినచోటల్లా మునీంద్ర డబ్బాలో నీళ్ళు మార్చాడు. తాగేందుకే నీళ్ళు లేకపోతే ఆ డబ్బాకు ఏమిటయ్యా అని వెనక సీటువాళ్ళు కసిరారు. మస్తాన్ బీ వాళ్ళకు ఎదురుతిరిగి, అందులో మునీంద్ర వాళ్ళమ్మ మందుందని అబద్ధమాడింది. శనివారం పొద్దు నడినెత్తికి వచ్చేవేళకు ఇరాక్ వాళ్ళ ఆఖరి చౌకీ వచ్చింది. అది దాటితే జోర్డాన్.

అందరినీ దించి సామాన్లు నేలమీద పరిపించారు. సైనికుడు పాతికేళ్ళవాడు, ఎండకు కమిలిన ముఖం. తమాంగ్ పాస్‌పోర్టు తెరిచి ఫోటో చూశాడు, మనిషిని చూశాడు, మళ్ళీ ఫోటో చూశాడు. "యాబానీ?" అన్నాడు, జపానువాడా అని.

మునీంద్ర అడ్డం వచ్చాడు. "లా, లా. హిందీ," అన్నాడు, కాదు, ఇండియా మనిషని. "చెవుడు. మాట రాదు."

సైనికుడు బూటుతో పాలడబ్బాను తట్టాడు. గలగలమంది. మూత తీసి, గుడ్డ విప్పాడు. ఎర్రటి చిగుళ్ళతో, తెల్లటి పళ్ళతో నలభయ్యో నంబరు ఎండలో తళుక్కుమంది.

"ఇవేమిటి?"

"పళ్ళు. మా అమ్మకు. నేనే చేసినా."

ఆ పిల్లవాడు పళ్ళకేసి చూసి, నోరు కుంగిపోయిన ముసలాయనకేసి చూసి పకపకా నవ్వాడు. "మీ అమ్మకంటే ముందు ఈ ముసలోడికి పెట్టొచ్చు గదరా!" అన్నాడు అరబ్బీలో. పక్కన ఉన్న ఇద్దరు సైనికులూ నవ్వారు. ఆ పిల్లవాడు నవ్వుతూనే పాస్‌పోర్టు చాచాడు.

ఇసోబె రెండు చేతులా అందుకున్నాడు. అందుకొని, నడుం దాకా వంగాడు.

నవ్వు ఆగిపోయింది. అట్లాంటి దండం ఎవరు పెడతారో ఆ సైనికుడు ఎక్కడో చూసే ఉంటాడు. కళ్ళు చిట్లించి, "ఆగు," అన్నాడు. వెంకటేశ్వరి, గోడ పట్టుకొని నడిచే బిడ్డ, అన్నీ ఆ వంగిన వీపు మీద ఆగి ఉన్నాయి.

"పట్టేసిందా మల్లా నడుము!" మస్తాన్ బీ ఎక్కడినుంచి వచ్చిందో, ఆ వీపు మీద చెళ్ళున ఒక్కటి వేసింది. "రెండు దినాలు బస్సులో కూకోబెడితే పట్టకేం చేస్తాది! వంగితే లేవలేడు, లేస్తే వంగలేడు, ఈ ముసలోన్ని నా మెడకు కట్టినారు సామీ!" సైనికుడి వైపు తిరిగి, నడుం మీద చెయ్యేసుకొని మూలిగి చూపించింది. "వజా, వజా, బాబా," అంది నొప్పి అని. మళ్ళీ ఇసోబె పక్కటెముకల్లో మోచేత్తో పొడిచి తెలుగులో అదే ఊపులో, "లేస్తివో సచ్చినావు, అట్లనే నడూ," అంది.

తెలుగు రాకపోయినా మోచెయ్యి అర్థమయింది. ఇసోబె వంగినవాడు వంగినట్టే, ఒక చెయ్యి నడుం మీద, ఒక చెయ్యి ఆమె భుజం మీద వేసి అడుగు తీసి అడుగు వేశాడు. పళ్ళు లేని నోట్లోంచి ఊఁ అని ఒక మూలుగు కూడా వచ్చింది. సైనికుడు చూస్తూ నిలబడ్డాడు. వెనక ఇంకో మూడు బస్సులు హారన్లు కొడుతున్నాయి. ఆఖరికి చెయ్యి విసిరి, "యల్లా, యల్లా," అన్నాడు.

బస్సు కదిలి, ఆ జెండా వెనకపడి, ఇంకో జెండా వచ్చేదాకా ఇసోబె సీటులో వంగే ఉన్నాడు. లేవొచ్చని ఆయనకు చెప్పడం ఇద్దరూ మర్చిపోయారు.

అవతలి పక్క ఎడారిలో గుడారాలు. నీళ్ళ ట్యాంకరు చుట్టూ జనం. ఎవరో రొట్టెలూ టమాటాలూ పంచుతున్నారు. మనుషులు ఊరికే నవ్వుకుంటున్నారు, తెలియనివాళ్ళను కౌగిలించుకుంటున్నారు. కుక్కుటేశ్వరరావు అట్ట మీద కాగితాల నడుమ కార్బన్ పెట్టుకొని, దిగినవాళ్ళ పేర్లు మళ్ళీ మొదటినుంచి రాస్తున్నాడు. తమాంగ్ దగ్గరికి వచ్చేసరికి మునీంద్ర ఆయన చెవిలో అసలు సంగతి చెప్పాడు. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకొని, "ఓరి నాయనో," అని అక్కడే రాయి మీద కూచున్నాడు. జపాను వాళ్ళకు కబురు పంపారు. అమ్మాన్ నుంచి కారు రావడానికి సాయంత్రం అవుతుందన్నారు.

ఇసోబె తువ్వాలు విప్పి, చేతులూ ముఖమూ కడుక్కున్నాడు. గోళ్ళలో మసి పోయేదాకా కడిగాడు. తర్వాత మునీంద్ర ముందుకొచ్చి చెయ్యి చాపాడు.

మునీంద్ర డబ్బా తెరిచాడు. ఇసోబె పళ్ళను ఎండకు పట్టి, ఇటు తిప్పి అటు తిప్పి చూశాడు. నోట్లో పెట్టుకొని బొటనవేళ్ళతో నొక్కాడు. కుంగిన బుగ్గలు లేచాయి, గడ్డం దిగి తన చోటికి పోయింది. ఎవరో ముసలాయన పోయి, ల్యాబు సారు వచ్చి నిలబడ్డాడు.

"యా అల్లా!" అంది మస్తాన్ బీ. మెళ్ళో తాళంచెవి పట్టుకొని చుట్టూ ఉన్నవాళ్ళను పిలిచింది. "చూడండి, చూడండి, పదేండ్లు చిన్నోడైపాయ!"

జనం మూగారు. ఇసోబె రొట్టె కొరికాడు. కుడివైపు నమిలాడు, ఎడమవైపు నమిలాడు. మింగాడు. అన్నీ మర్చిపోయి మునీంద్ర ఆ దవడ కదలికే చూస్తున్నాడు. బడిలో పలక చూపించి నిలబడినప్పుడు తప్ప గుండె ఇట్లా ఎప్పుడూ కొట్టుకోలేదు.

నమలడం ఆపి ఇసోబె కుక్కుటేశ్వరరావు దగ్గరికి నడిచాడు. అట్టమీది కాగితం ఎత్తి, కింది కార్బన్ అంచున వేలెడు ముక్క చించాడు. "అయ్యయ్యో, లిస్టండీ!" అంటున్నా వినలేదు. ల్యాబులో కాటు చూసేందుకు నీలం కాగితం ఉండేది. ఇక్కడ ఇదే. ముక్కను పళ్ళ మధ్య పెట్టుకొని టక్ టక్ టక్ మని మూడుసార్లు కొరికి, పళ్ళెం బయటికి తీసి వెలుతురుకు పట్టాడు.

"బాగుండాయని చెప్పమను!" అంది మస్తాన్ బీ. "మూడు దినాలు తాను తాగకుండా దానికి నీళ్ళు పోసినాడు ఈ పిల్లోడు."

మునీంద్ర నవ్వబోయాడు. "ఇంగ ల్యాబు యాడుంది సార్? బల్లలు బాయ, యంత్రాలు బాయ. నేను మా ఊరికి, మీరు మీ ఊరికి. నలభయ్యో నంబరు ఖలాస్ గదా?"

ఇసోబె పళ్ళెం తెచ్చి అతని అరచేతిలో పెట్టాడు. ఎడమవైపు దవడ పంటి మీద నువ్వుగింజంత నీలం చుక్క.

"ఇక్కడ ఎత్తుగా ఉంది," అన్నాడు. "మళ్ళీ."